చిలకపచ్చ తుపాకీ

అసూయకి మందు లేదంటారు. మందు లేకపోతే పోయె, వారానికో సెలవైనా ఉండాలి కదా! పెద్దదానికి అదీ లేదు. పొద్దున్నే కళ్ళు తెరిస్తే ఎదురు మంచం మీద చెల్లెలు నోరు తెరుచుకుని నిద్రపోతూ కనిపించేది. అక్కడ మొదలయ్యేది కడుపుమంట. బస్సెక్కితే పక్క సీట్లో అదే, ఆట గదిలో పక్క కుర్చీలో అదే. ఒకే ఇల్లు, ఒకే జట్టు. ఎటు తిరిగినా తప్పించుకునే సందు లేదు.

ఆ అక్కాచెల్లెళ్ళ ఉద్యోగం ఏమిటో చెబితే ఇప్పటికీ కొందరు నవ్వుతారు. వాళ్ళు ఆట ఆడతారు. కంప్యూటర్ల ముందు కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఇటు ఐదుగురు, అటు ఐదుగురు తెర మీద తుపాకులతో కాల్చుకుంటారు. దానికి జీతాలున్నాయి, పోటీలున్నాయి, చూసే జనం లక్షల్లో ఉన్నారు. వాళ్ళ నాన్న బళ్ళ షెడ్డులో రంగులు వేసే మేస్త్రీ. "నేను పొగ పీల్చి సంపాదిస్తున్నా, నా కూతుళ్ళు కుర్చీలో కూర్చుని సంపాదిస్తున్నారు, ఇంకేం కావాలి?" అని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పుకునేవాడు.

పెద్దది ఆరేళ్ళుగా ఆ జట్టులో ఉంది, నాలుగేళ్ళుగా కెప్టెను. చిన్నది వచ్చి ఎనిమిది నెలలు. దానికి ఆట నేర్పింది కూడా పెద్దదే. ఎందుకు నేర్పానా అని ఇప్పుడు తల పట్టుకుంటోంది.

ఆ ఆటలో తుపాకులకి స్కిన్లుంటాయి. అంటే పైన వేసే రంగు, బొమ్మ, అంతే. దానివల్ల గుండు వెంట్రుకవాసి కూడా ఎక్కువ దూరం పోదు. అయినా స్కిన్ చూస్తే మనిషెవరో చెప్పేయొచ్చు. వాళ్ళ జట్టులో తాబేలని ఒకడున్నాడు, నాచురంగు తుపాకీ వాడిది. గోడమూల దొరికితే అక్కడే కాపురం పెడతాడు, శత్రువు తనంతట తానొచ్చి ఎదురుపడేదాకా కదలడు. భోజనం దగ్గరా అంతే, అందరూ చేతులు కడిగాక లేస్తాడు. లాయరని పిలిచే అమ్మాయి తుపాకీ నిండా స్టిక్కర్లే, వేలు పెట్టడానికి చోటుండదు. ఆమె నోటికీ ఖాళీ ఉండదు, ఆటలో చచ్చాక కూడా తను చావలేదని వాదిస్తుంది. డాక్టరనేవాడిది మచ్చలేని తెల్ల తుపాకీ. ఎవరికి దెబ్బ తగిలినా వాడే ముందు పరిగెత్తుకొస్తాడు, వచ్చి వైద్యానికి ముందు క్లాసు పీకుతాడు.

పెద్దదానిది బోసి తుపాకీ. ఆటలో చేరిన ప్రతివాళ్ళకీ ఉత్తపుణ్యానికి ఇచ్చే బూడిదరంగుది, దూరం నుంచి కాల్చే పొడుగుది. వెనకాల ఎక్కడో నిలబడి, ఊపిరి బిగబట్టి, ఒక్క గుండు కాలుస్తుంది. ఆ ఒక్కటీ తప్పదు. "పైన పటారం, లోన లొటారం గాళ్ళకి కావాలి రంగులు" అనేది. ఆ మాటని జనం చొక్కాల మీద అచ్చువేయించుకున్న రోజులున్నాయి.

ఇక చిన్నదానిది చిలకపచ్చ. అలాంటిలాంటి పచ్చ కాదు, కళ్ళు మూసుకున్నా రెప్పల లోపల కనిపించే పచ్చ. గొట్టం చివర ముక్కులాగా ఎరుపు. తలుపు తోసుకుని అందరికంటే ముందు లోపలికి దూకడం దాని పని. సగంసార్లు చస్తుంది, నవ్వుతూ చస్తుంది. వచ్చిన రెండో నెలకే జనం "చిలకా! చిలకా!" అని కేకలు మొదలుపెట్టారు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని జట్టు మాస్టారు ఓసారి సరదాకి అన్నాడు. పెద్దది మూడు వారాలు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

అలా ఉండగా ఆట తయారుచేసే కంపెనీ నుంచి కెప్టెనుకి ఉత్తరం వచ్చింది. మీ జట్టులో ఒకరి పేరు మీద ఒక తుపాకీ చేయిస్తాం, లోకంలో ఎవరు ఆడినా అది వాడుకోవచ్చు, మీద ఆ మనిషి సంతకం ఉంటుంది, అన్నారు. ఒక్కరికే. ఐదుగురి తుపాకుల బొమ్మలూ తీసి పంపితే, స్కిన్లు గీసే బొమ్మలావిడ చూసి, ఎవరి తుపాకీలో ఆ మనిషి కనిపిస్తే వాళ్ళని ఎంచుకుంటుంది.

ఆ ఉత్తరం పెద్దది పదకొండుసార్లు చదివింది. ఆట ఆడేవాళ్ళ చేతులు మహా అయితే ఇంకో నాలుగేళ్ళు పనిచేస్తాయి. ఆ తర్వాత ఎవరికి గుర్తుంటారు? సంతకమున్న తుపాకీ మాత్రం ఆట ఉన్నంతకాలం ఉంటుంది. ఆ సంతకం తనది కావాలి. ఆరేళ్ళ నడుంనొప్పికీ, అరిగిపోయిన మణికట్టుకీ ఆ మాత్రం దక్కకూడదా?

బొమ్మలు అందరూ ఇచ్చారు. చిన్నదైతే వెలుతురు చూసుకుని, నాలుగు వైపుల నుంచీ తీసిచ్చింది. పెద్దది నాలుగు తుపాకుల బొమ్మలు పెట్టి పంపేసింది. ఐదోది పంపలేదు.

మర్చిపోయిందా అంటే, లేదమ్మా, మర్చిపోలేదు. మర్చిపోయానని తనకి తాను చెప్పుకోవడానికి గంటసేపు తంటాలు పడి, కుదరక మానుకుంది. ఎనిమిది నెలల పిల్లకి సంతకమేమిటని సర్దిచెప్పుకుంది.

"పంపావా అక్కా?" అంది చిన్నది తల దువ్వుకుంటూ.

"ఆఁ."

"నాది బాగా పడిందా?"

"నీదెప్పుడు బాగోలేదు గనక?"

"అబ్బో, పొగిడావా, తిట్టావా?" అని నవ్వి, దువ్వెన మంచం మీద పడేసి పోయింది. దువ్వెన ఎప్పుడూ అంతే, పెద్దదాని మంచం మీదే పడేస్తుంది.

వారం తిరక్కుండా సెమీఫైనల్. ఆఖరి రౌండులో, అలవాటుగా, చిన్నది తలుపు తోసుకుని దూకింది, ఒకణ్ణి పడేసి తనూ పడింది. తాబేలు పోయాడు, లాయరు పోయింది, డాక్టరు లాయరుని లేపబోయి పోయాడు. మిగిలింది పెద్దది ఒక్కత్తే. అవతల ముగ్గురు. పొడుగు తుపాకీలో గుళ్ళు అయిపోయాయి. ఎదురుగా గుమ్మంలో, చిన్నది పడ్డచోట, చిలకపచ్చ తుపాకీ పడి ఉంది.

ఆ ఆటలో చచ్చినవాళ్ళ తుపాకీ నేలమీద పడుతుంది, మనవాళ్ళెవరైనా తీసుకోవచ్చు. ఎనిమిది నెలల్లో పెద్దది ఒక్కసారి కూడా దాన్ని ముట్టుకోలేదు. ఆ రోజు తీసుకుంది. తీసుకున్నాక ఏమైందో తనకే తెలియదు. ఏనాడూ వెనకనుంచి కదలని మనిషి, తలుపులోంచి బాణంలా దూసుకెళ్ళింది. ఎడమ ఒకడు, మెట్ల మీద ఒకడు, గాల్లో ఎగురుతూ ఒకడు. మూడు సెకన్లు. హాలు హాలంతా లేచి నిలబడింది.

ఆ తుపాకీ పక్కన చిన్న గడిలో ఒక అంకె ఉంటుంది, ఎంతమందిని పడేసిందో లెక్క. సొంతదారు చేతిలో ఉంటేనే అది కదులుతుంది, పరాయి చేతిలో అంకెకి బదులు రెండు గీతలు కనిపిస్తాయి. ముగ్గురు పడ్డాక కూడా ఆ రెండు గీతలు అలాగే ఉన్నాయి. అంత కేకల్లోనూ పెద్దది చూసింది వాటినే.

చిన్నది కుర్చీలోంచి లేచొచ్చి మెడకి వేలాడింది. "నా తుపాకీతో! అక్కా, నా తుపాకీతో!"

"గెలిచింది నేనే" అంది పెద్దది. పక్కనున్న డాక్టరు అదోలా చూశాడు.

మూడోరోజు బొమ్మలావిడ దగ్గర్నుంచి ఉత్తరం. "మీరు పంపిన బూడిద తుపాకీ చూసి నిరాశపడ్డానండీ, అందులో మనిషే కనిపించలేదు. మొన్నటి ఆటలో మీ ఆఖరి మూడు సెకన్ల ముక్క చూశాక తెలిసింది. మీ అసలు తుపాకీ ఆ పచ్చది కదూ! భలే దాచారే. అదే ఖాయం చేస్తున్నాను, మీ పేరు మీదే. ఆ రంగు మీకెందుకు ఇష్టమో, అది మీ ఆటకి ఎలా సరిపోతుందో ఒక పది వాక్యాలు శుక్రవారంలోగా రాసి పంపండి."

పాపం, ఆవిడ తప్పేముంది? ఆవిడకి అందిన బొమ్మల్లో పచ్చ తుపాకీ లేదు. ఎందుకు లేదో తెలిసిన మనిషి పెద్దది ఒక్కత్తే. అడిగింది దక్కింది, కాని చెల్లెలి రంగు పూసుకుని దక్కింది. వద్దని రాయాలంటే, చెల్లెలి బొమ్మ ఎగ్గొట్టిన సంగతి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఏమవుతుంది? తుపాకీ బయటికొచ్చేదాకా ఎవరికీ తెలియదు. వచ్చాక చూసుకుందాం. ఉత్తరం దాచేసి కుక్కిన పేనులా కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం నాన్నకి క్యారియరు తీసుకుని షెడ్డుకెళ్ళింది. మామూలుగా అది చిన్నదాని వంతు. మేస్త్రీ ఒక వ్యాను తలుపుకి అద్దం చుట్టూ కాగితం అంటిస్తున్నాడు. ఈమెని చూసి మాస్కు కిందికి లాగాడు.

"ఇవాళ వాన ఖాయం. కెప్టెనుగారే వచ్చారు!"

"నాన్నా, ఒకళ్ళు వేసిన రంగు మీద ఇంకొకళ్ళు పేరు రాసుకోవచ్చా?"

"రోజూ రాసుకుంటారు. నేను వేస్తా, ఓనరు తన పేరు రాయించుకుంటాడు. ఎందుకే?"

"ఊరికే. చిన్నదాని తుపాకీ పచ్చ ఉంది చూడు, అదెక్కడిదా అని."

మేస్త్రీ పకపకా నవ్వాడు. "అది నీ రంగే కదే! నీ పదో ఏట సైకిలుకి కలిపిచ్చా. అందరూ నన్నే చూస్తున్నారు నాన్నా అని ఆర్నెల్లకే సిగ్గుపడి, బూడిదరంగు వేసేదాకా ఊరుకున్నావా? నీకేం, హాయిగా తొక్కుకున్నావు. చిన్నది రెండ్రోజులు అన్నం మానేసింది, పచ్చ సైకిలు పోయిందని."

పెద్దదాని మొహం వెలిగిపోయింది. రంగు నాది! అంటే సంతకమూ నాదే! అసూయ ఉందే, దానికి గడ్డిపోచ దొరికినా నిచ్చెన చేసుకుంటుంది.

మేస్త్రీ ఒంగి వ్యాను అడుగున చూసుకున్నాడు. ఏ బండికి రంగు వేసినా, అడుగున వాన తగలని చోట బొటనవేలంత మేర వదిలేయడం ఆయన పద్ధతి. తర్వాత చేయిపెట్టే మేస్త్రీకి లోపలి ఇనుము ఎలా ఉందో తెలియాలి కదా అంటాడు. చిన్నప్పుడు ఇద్దరు పిల్లలూ బళ్ళ కింద దూరి ఆ బొటనవేలు ఎక్కడుందో వెతికేవాళ్ళు. చిన్నదే ముందు కనిపెట్టేది. ఆ ఏడుపూ ఇంకా ఉంది పెద్దదానికి.

ఇంటికొచ్చి పది వాక్యాలు రాయడానికి కూర్చుంది. "ఈ రంగు నా చిన్నప్పటి సైకిలు రంగు" అని మొదటి వాక్యం దర్జాగా రాసింది. రెండోది రాలేదు. ఇది నా ఆటకి ఎలా సరిపోతుంది? దేనికైనా పనికొస్తుందని ఈమధ్య ఆటల రికార్డింగులు పెట్టుకుంది. తను కొట్టిన గొప్ప గొప్ప దెబ్బలు, జనం చప్పట్లు కొట్టినవి, వరసగా చూసుకోవాలనిపించింది.

మొదటిదాంట్లో, తన గుండు తగిలినవాడు తనవైపు చూడటం లేదు. తల ఎడమకి తిప్పి ఉన్నాడు. సరే, వాడి ఖర్మ. రెండోదాంట్లోనూ అంతే. మూడోదాంట్లో ఇద్దరు, ఇద్దరూ పక్కకే చూస్తున్నారు. ఆటని ఆపి, వాళ్ళు చూస్తున్న వైపు వెతికింది. తలుపులో చిలకపచ్చ. ప్రతిసారీ అంతే. తలుపు తోసుకుని ఆ పచ్చ లోపలికి దూకుతుంది, కళ్ళన్నీ దాని మీద పడతాయి, వెనకాల బూడిదరంగులో నిలబడ్డ తనని ఎవడూ చూడడు. తను తీరిగ్గా ఊపిరి బిగబట్టి కాలుస్తుంది. ఎనిమిది నెలలుగా తన గురి పెరిగిందని మాస్టారు లెక్కలు చూపించి మెచ్చుకున్నాడు. గురి పెరగలేదు. ఎదుటివాళ్ళు తల తిప్పుతున్నారు, అంతే.

ఏడుపొచ్చింది. తప్పు చేశానని కొంత, నా గొప్ప కూడా నాది కాదే అని ఎక్కువ. ఉన్న ఒక్క గొప్పలోనూ అది వాటాకొచ్చింది!

మొదటి వాక్యం కొట్టేసింది. మళ్ళీ రాసింది. "ఈ తుపాకీ నాది కాదండీ, మా చెల్లెలిది. దాని బొమ్మ మీకు పంపనిది నేనే, ఓర్వలేక. చూడమని అరిచే రంగు ఇది. అందరూ తననే చూడాలని అది ముందు దూకుతుంది. దాన్ని చూసినవాడు మా మిగతావాళ్ళని చూడడు. అది చస్తుంది, మేం గెలుస్తాం." సరిగ్గా పది వాక్యాలు అయ్యాయో లేదో లెక్కపెట్టలేదు, చెల్లెలు తీసిన నాలుగు బొమ్మలూ జతచేసి పంపేసింది. పంపాక చేయి వెనక్కి లాక్కుంది. ఇంకో క్షణం ఆలోచిస్తే పంపేది కాదు, ఆ సంగతి తనకీ తెలుసు.

చిన్నదానికి చెప్పడం అంతకంటే కష్టమైంది. బస్సులో చెప్పింది, తను మధ్యలో పారిపోకుండా.

"నీ బొమ్మ నేను పంపలేదే. కావాలనే పంపలేదు."

చిన్నది కిటికీలోంచి తల తిప్పింది. నవ్వుతుందనుకుంది పెద్దది. నవ్వలేదు.

"అడిగితే ఆఁ అన్నావు."

"అన్నాను."

"బాగుందన్నావు కూడా."

"అదొక్కటీ నిజం."

"నీకు మనసెలా ఒప్పిందక్కా? పరాయివాళ్ళు చేస్తే నీతో చెప్పుకుని ఏడ్చేదాన్ని. ఇప్పుడెవరితో చెప్పుకోను?" అని లేచి వెళ్ళి డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది.

నాలుగు వారాలు మాటల్లేవు. ఆటలో తప్ప. "ఎడమ ఒకడు." "మెట్ల మీద ఇద్దరు." "పడ్డా." అంతే. ఆట ఎలాగూ ఆగదు. తలుపు తోసుకుని చిన్నది దూకుతూనే ఉంది, తలలు తిరుగుతూనే ఉన్నాయి, పెద్దది కాలుస్తూనే ఉంది. ఇప్పుడు ఆ గుళ్ళు అప్పుడప్పుడూ తప్పుతున్నాయి. ఫైనల్లో ఓడిపోయారు. "అక్కాచెల్లెళ్ళిద్దరూ మాట్లాడుకునేదాకా నేను ఎవరినీ లేపను" అని డాక్టరు క్లాసు పీకాడు, ఎవరూ వినలేదు. చిన్నది దువ్వెన తన మంచం మీదే పెట్టుకుంటోంది.

బొమ్మలావిడ చిన్నదాని పేరుకే మార్చి చేసిన తుపాకీ వచ్చిన రోజు ఆట గదిలో అందరూ చిన్నదాని కుర్చీ వెనక మూగారు. చిలకపచ్చ ఇంకా మెరుగుపడింది, ఎర్ర ముక్కు మీద చిన్నదాని సంతకం, వంకరటింకరగా. తాబేలు సైతం మూలలోంచి లేచొచ్చి చూశాడు. లాయరు "సంతకం నిలువుగా ఉండాల్సింది" అని వాదన పెట్టుకుంది. పెద్దది తన కుర్చీలోనే కూర్చుని, తన తెర మీద లేని పనేదో చేసుకుంటోంది. మంట మండుతూనే ఉంది. ఇచ్చేసినంత మాత్రాన చల్లారుతుందని ఎవరు చెప్పారు?

"అక్కా, ప్రాక్టీసులోకి రా" అంది చిన్నది.

నాలుగు వారాల తర్వాత మొదటిసారి, ఆట లేకుండా వచ్చిన "అక్కా" అది. పెద్దది గబగబా హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. ఖాళీ మైదానంలో ఇద్దరే. చిన్నది కొత్త తుపాకీని నేలమీద పడేసింది.

"తీసుకో."

తీసుకుంది. అంకె ఉండాల్సినచోట మళ్ళీ ఆ రెండు గీతలు.

"కింద చూడు."

తుపాకీని బోర్లా తిప్పింది. గొట్టం అడుగున, చేతిలో పట్టుకున్నవాళ్ళకి తప్ప ఎవరికీ కనపడని చోట, బొటనవేలంత మేర రంగు లేదు. బోసి బూడిద.

"అక్కడ వెయ్యొద్దండీ, అది మా అక్క చోటు అని బొమ్మలావిడకి నేనే రాశా" అంది చిన్నది. "ఇంకా కోపం పోలేదు నాకు. అది వేరే, ఇది వేరే."

పెద్దదానికి సంతోషం వచ్చింది, సిగ్గు వచ్చింది. నిజం చెప్పొద్దూ, అన్నిటికంటే ముందు ఆ పాత కడుపుమంటే వచ్చింది. ఈ సంతకం తనదై ఉంటే, చెల్లెలి కోసం బొటనవేలంత చోటు వదలాలని తనకి తట్టేదా? చచ్చినా తట్టేది కాదు. రంగుని చూసి ఏడ్చింది, జనాన్ని చూసి ఏడ్చింది, ఇక మిగిలింది దాని మనసొక్కటే, ఇప్పుడు దాన్ని చూసి ఏడవాల్సి వచ్చింది.

"ఏంటక్కా, మాట్లాడవు? బాలేదా?"

"బాగుందే" అంది పెద్దది, ముక్కు ఎగబీల్చి. "అదేనే నా ఏడుపు."